కప్పలూ పిట్టలూ కూడా ఒక ఉమ్మతే

తొలకరి పడిన రాత్రి ఇషా నమాజు వేళకు మన పల్లెల్లో కప్పల బెకబెకలు మొదలవుతాయి. మున్నేటి ఒడ్డున, పాలేరు పక్క కుంటల్లో ఒకప్పుడు ఆ గోలకు ఇమామ్ గారి ఖిరాఅత్ కూడా సరిగా వినబడేది కాదని పెద్దలు నవ్వుతూ చెబుతుంటారు. ఇప్పుడు పత్తి, మిర్చి చేల వైపు ఆ సందడి బాగా తగ్గిపోయిందని నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతాల రైతులే మాతో అన్నారు. (2022లో ఈ ప్రాంతం ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లింది. అయినా పాత అలవాటు కొద్దీ మేము కృష్ణా మెట్ట అనే అంటున్నాం.)

కప్పల గురించి కూడా ధర్మం మాట్లాడుతుందా అని కొందరు సోదరులు ఆశ్చర్యపోవచ్చు. మాట్లాడుతుంది. ఒక వైద్యుడు వచ్చి, మందులో వేయడానికి కప్పను ఉపయోగించవచ్చునా అని దైవప్రవక్త (స)ను అడిగాడు. ఆయన (స) కప్పను చంపవద్దని వారించారు. అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఈ ఉల్లేఖనం ఉంది. అడిగినవాడు ఆటకు అడగలేదు, రోగికి మందు కోసం అడిగాడు. అయినా అనుమతి దొరకలేదు. మరి ఏ అవసరమూ లేకుండా పోయే కప్పల ప్రాణాల లెక్క ఎవరు చెప్పాలి?

దివ్య ఖుర్ఆన్‌లోని అల్ అన్ఆమ్ సూరా 38వ ఆయత్ భావాన్ని చూడండి. నేల మీద తిరిగే జంతువులూ, రెక్కలతో ఎగిరే పక్షులూ మీవంటి సమాజాలేనని అల్లాహ్ మనకు తెలియజేస్తున్నాడు. అక్కడ వాడిన పదం ‘ఉమ్మత్’ అన్న పదమే. మనం ఎంతో గర్వంగా మన గురించి చెప్పుకునే ఆ మాటను అల్లాహ్ పిట్టకూ ఇచ్చాడు. పూర్వం ఒక ప్రవక్తను చీమ కుట్టింది. ఆయన ఆ చీమల పుట్టనే కాల్పించారు. కుట్టింది ఒక చీమ అయితే, అల్లాహ్‌ను స్తుతించే ఒక ఉమ్మత్‌ను కాల్చివేశావా అన్న భావంతో ఆయనకు దైవం నుండి మందలింపు వచ్చిందని బుఖారీ హదీసు గ్రంథం ద్వారా తెలుస్తోంది. ఒక ప్రాణిని చంపడం వేరు, దాని సమాజాన్నే లేకుండా చేయడం వేరు. ఈ తేడాను మనం మరచిపోయామన్నదే మా బాధ.

ఒక జాతి మొత్తం కనుమరుగు కావడం ఎక్కడో జరిగే విషయం కాదు. మన రాష్ట్రానికే చెందిన కలివికోడి సంగతి చూడండి. ముళ్లపొదల మధ్య, రాత్రిపూట తిరిగే చిన్న పక్షి అది. జెర్డాన్ అనే ఆంగ్లేయ వైద్యుడు 19వ శతాబ్దంలో దీన్ని లోకానికి తెలియజేశాడు. పెన్నా, గోదావరి లోయల్లో అప్పట్లో కనబడేది. 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు. అంతరించిందనే అందరూ అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల అడవుల దగ్గర బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వారి అన్వేషణలో మళ్లీ బయటపడింది. దాన్ని చేతికి దొరకబుచ్చుకున్నది మాత్రం ఒక స్థానిక పిట్టలవేటగాడు. పుస్తకాలు లేదన్న పిట్ట ఉన్నదని అతనికి తెలుసు. ఆ తర్వాత దాని కోసం అభయారణ్యం ఏర్పడింది, 1988లో తపాలా బిళ్ల కూడా వచ్చింది. తెలుగుగంగ కాలువ పనులు అది తిరిగే నేలనే తవ్వబోతే, వివాదం నడిచి కాలువ దారి మార్చవలసి వచ్చింది.

తూర్పు ఆఫ్రికాలో ఇలాంటిదే జరిగింది, అయితే అక్కడ మేలుకునేసరికి ఆలస్యమైంది. టాంజానియా కొండ అడవుల్లో కిహాన్సీ అనే జలపాతం ఉంది. దాని తుంపర పడే అయిదెకరాల చోట, మన బొటనవేలి గోరంత కప్ప ఒకటి 1996లో కనబడింది. లోకంలో మరెక్కడా అది లేదు. పైన విద్యుత్తు కోసం ఆనకట్ట కట్టి నీటిని మళ్లించారు, తుంపర ఆగిపోయింది. దానికి తోడు చర్మవ్యాధి సోకింది. 2009లో అడవిలో ఇది లేదని ప్రకటించారు. ముందుజాగ్రత్తగా అమెరికా జంతు ప్రదర్శనశాలలకు తీసుకుపోయిన 499 కప్పల సంతానాన్ని 2012లో మళ్లీ అక్కడ వదిలారు. పేదదేశానికి కరెంటు వద్దని మేము అనడం లేదు. ఒక్క చోట మాత్రమే ఉన్న ఉమ్మత్ అది అని ముందే తెలుసుకొని ఉంటే బాగుండేది కదా!

ఇక మన చేలకు వద్దాం. కప్ప చర్మంతో కూడా గాలి పీల్చుకుంటుంది. అందుకే నీటిలో కలిసిన విషం దాని ఒంట్లోకి సులువుగా చేరుతుంది. పంటను తినే పురుగులను అది తింటుంది, అంటే కూలి అడగని పనివాడన్నమాట. కప్ప కాళ్ల ఎగుమతిని మన దేశం 1987లో నిషేధించింది, కానీ పురుగుమందు చేసే పనిని ఏ నిషేధమూ ఆపలేదు. “పురుగును చంపకపోతే పిల్లలకు అన్నం ఎలా?” అని ఒక రైతు సోదరుడు మమ్మల్ని నిలదీశాడు. న్యాయమైన ప్రశ్నే. అప్పు తెచ్చి మిర్చి వేసినవాడికి ఉపన్యాసం ఇవ్వడం తేలిక. హాని చేసే పురుగును చంపడాన్ని ధర్మం నిషేధించలేదు. అయితే పంపు కడిగిన నీళ్లను కుంటలో పోయడానికి, మిగిలిన మందును వాగులోకి వంచడానికి, ఖాళీ డబ్బాలను కాలువలో విసరడానికి ఏ అవసరం ఉంది? ఆ కుంటలోనే గేదెలూ తాగుతాయి.

రెండవ విషయం పిట్టలది. రోడ్డు పక్కన వలసంచుల్లో అడవి కౌజు పిట్టలను బతికుండగా అమ్మడం, మనవాళ్లు కొని జిబహ్ చేయించుకోవడం మేము చూశాము. ఫారాల్లో పెంచే పిట్టల సంగతి వేరు, వాటిని తినడంలో తప్పు లేదు. అడవి పిట్టల వేట మాత్రం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. “బిస్మిల్లాహ్ చెప్పి కోశాక హలాలే కదా” అంటారు. కోసిన విధానం సరైనదే కావచ్చు, కానీ ఆ పిట్ట మన చేతికి వచ్చిన దారి సంగతేమిటి? గూటిలో పిల్లలు ఉన్న తల్లి అయితే? ఒక ప్రయాణంలో సహాబీలు చిన్న పిట్ట పిల్లలు రెండింటిని పట్టుకుంటే, తల్లి రెక్కలు చాచి వారి చుట్టూ తిరగసాగింది. దైవప్రవక్త (స) వచ్చి చూసి, దీని పిల్లలను తీసి దీన్ని ఎవరు బాధపెట్టారని అడిగి, వాటిని తిరిగి ఇప్పించారు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్‌ఊద్ (రజి) ఈ సంఘటనను తెలిపారు.

ఇది విన్న తర్వాత ఒక యువకుడు, వాటిని మొత్తంగా కొని వదిలిపెడితే పుణ్యం కాదా అని మమ్మల్ని అడిగాడు. ఉద్దేశం మంచిదే. కానీ డబ్బు చేతిలో పడిన వేటగాడు రేపు రెండు వలలు ఎక్కువ పన్నుతాడు. కొనవద్దు. అతనిది పేద కుటుంబమైతే జకాత్ నుండి, సదఖా నుండి మరో పనికి పెట్టుబడి ఇవ్వవచ్చునేమో మసీదు కమిటీ వారు చూడాలి. కలివికోడి జాడ చెప్పింది కూడా అలాంటివాడే.