వ్రాసి యిచ్చిన బావి



ఒక రైతు తన పొలములోని బావిని ఊరివారికి విడిచి పెట్టెననుకొనుడు. ఏండ్ల తరబడి అందరును నీరు తోడుకొనిరి. ఆయన గతించిన పిమ్మట కుమారులు కంచె వేసిరి. ఊరివారేమి చెప్పగలరు? ఆయన నీరిచ్చెను గాని హక్కునియ్యలేదు. పగ్గము చేతనుంచుకొని యిచ్చుట నిజముగా ఇచ్చుటయేనా?

హైదరాబాదు పాతబస్తీలో మూసీనది ఒడ్డున సాలార్‌జంగ్ మ్యూజియము ఉన్నది. మూడవ సాలార్‌జంగు మీర్ యూసఫ్ అలీఖాన్ గారు గ్రంథములు, చిత్రపటములు, శిల్పములు విస్తారముగా కూర్చి, 1949లో సంతానము లేక గతించిరి. 1951 డిసెంబరు 16న నెహ్రూగారు ఆ వస్తుసముదాయమును దివాన్ దేవిడీలో ప్రజలకొరకు తెరచిరి. తలుపు తెరచిరి గాని, సొత్తు ఎవరిదను మాట తీరలేదు. 1958లో వారసులు రాజీపత్రము వ్రాసి దానిని భారత ప్రభుత్వమునకు ఇచ్చివేసిరి. 1961లో పార్లమెంటు చట్టము చేసెను. అప్పటినుండి అది స్థిరపడెను.

నేడు మన బిడ్డలు ఫోనులో తెరచు వెబ్బు కథయు ఇట్టిదే. వెబ్బు అనగా ఒక కంప్యూటరులోని పుటనుండి వేరొక కంప్యూటరులోని పుటకు దారి చూపు ఏర్పాటు. జెనీవా చెంతనున్న సెర్న్ అను పరిశోధన సంస్థలో పనిచేయుచు, టిమ్ బర్నర్స్-లీ 1989లో దీనిని ప్రతిపాదించెను. 1991 నుండి బయటివారును వాడుకొనుచుండిరి. అయితే వారికి వ్రాతమూలమైన హక్కు లేదు.

1993లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమువారు, తాము చేసిన గోఫర్ అను ఇట్టి సాధనమునకే కొందరినుండి రుసుము తీసికొందుమనిరి. వారికిని ఖర్చులుండెను, వారిని తప్పు పట్టలేము. అయినను, నేడు పొరుగువానినడిగినవారు రేపు మనలను అడుగరా యని అనేకులు తొలగిపోయిరి. ఆ యేడే ఏప్రిల్ 30న సెర్న్ పక్షమున హూగ్లాండ్, వేబర్ అను ఇరువురు అధికారులు చిన్న పత్రముపై సంతకము చేసిరి. వెబ్బు సాఫ్ట్‌వేరుపై తమ హక్కులన్నియు వదలుకొంటిమనియు, ఎవరైనను దానిని వాడవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చుననియు దాని సారము. భయము తీరినచోట జనులు ధైర్యముగా కట్టసాగిరి.

మ్యూజియమునకు టిక్కెట్టు కొనవలెను, ఫోనుకు రీఛార్జి చేయవలెను గదా, ఇక ఉచితమేమి అని మీరడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. బావికి చేదయు తాడును కావలెను. వాటికి ఖర్చు తప్పదు. కాని చేదకు వెల యిచ్చువాడు బావి యజమానునికి భయపడనక్కరలేదు. ఈ భేదము చిన్నది కాదు.

మనలో అనేకులు బడికి స్థలమును, పొరుగువానికి బాటను నోటిమాటతో ఇచ్చి, మెప్పును తాళపుచెవిని మనయొద్దనే ఉంచుకొందుము. పుచ్చుకొన్నవాడు ప్రతి దినమును మన ముఖము చూచి బ్రదుకవలెను. అది దానమా, పెత్తనమా? మీ తండ్రి ఇచ్చిన బాట ఒకటి ఉన్నయెడల, మీరు జీవించియుండగనే వ్రాసి యియ్యుడి. అప్పుడు మీ పొరుగువాడు తల వంచక ఆ బాటను నడచును.