విన్న చెవికి బాధ్యత లేదా?

“ఇంటి గుట్టు లంకకు చేటు” అంటారు మన పెద్దలు. భర్త చేతిలో దెబ్బలు తిన్న ఆడబిడ్డ నోరు మూయించడానికి కూడా ఈ సామెతే అక్కరకు వస్తున్నది. కాని ఒక్కసారి ఆలోచించండి. లంకకు చేటు తెచ్చింది గుట్టు చెప్పిన నోరా, తప్పు చేసిన చేయా?

కన్నతల్లికి సైతం చెప్పుకోలేని బాధను కొందరు స్త్రీలు బ్యూటీ పార్లరులో జుట్టు కత్తిరించే అమ్మాయితో చెప్పుకొంటారు. ఇందులో వింత లేదు. అక్కడ భర్త పక్కన ఉండడు. వినే అమ్మాయి బంధువు కాదు, తీర్పు చెప్పదు. పైగా తలమీది బొప్పి, చెవి వెనుక కమిలిన మచ్చ, జుట్టు ఊడివచ్చిన చోటు ముందుగా తెలిసేది పాయలు తీసే చేతికే. అమెరికాలోని ఇల్లినాయిస్ రాష్ట్రం ఈ సంగతి గుర్తించింది. లైసెన్సు పొందిన కేశాలంకరణ పనివారు గృహహింసను గూర్చి ఒక గంట శిక్షణ పొందాలన్న చట్టం అక్కడ 2017 జనవరి 1న అమలులోకి వచ్చింది. పోలీసులకు తెలియజేసి తీరాలన్న భారం మాత్రం ఆ చట్టం వారిపై మోపలేదు.

మరి నమ్మి చెప్పిన మాటను విన్నవారు ఏమి చేయాలి? దాచాలా, బయటపెట్టాలా?

వృత్తిరీత్యా తెలిసిన రహస్యాలను కాపాడాలని శ్రీసభ సత్యోపదేశం (2491) బోధిస్తుంది. అయితే దాచడం వలన చెప్పినవారికో, విన్నవారికో, మూడవవారికో ఘోరమైన హాని తప్పదన్నపుడు మినహాయింపు ఉంది. పాపసంకీర్తన రహస్యం వేరు. దానికి ఏ మినహాయింపూ లేదు.

రహస్యం కాపాడడం ఒకటి, ఊరకుండడం మరొకటి. మొదటిది ఆమె క్షేమం కోసం. రెండవది చాలాసార్లు మన సుఖం కోసం. యెరికో దారిలో యాజకుడు, లేవీయుడు గాయపడినవానిని కొట్టలేదు. చూచి తప్పుకొని పోయారు. అదే వారి తప్పు. సమరీయుడు కట్లు కట్టాడు, సత్రానికి చేర్చాడు. అన్నీ తానే చేయబోలేదు. తరువాతి సంరక్షణను సత్రపువానికి అప్పగించాడు.

పార్లరు అమ్మాయి చేయవలసినదీ ఇంతే. ఆమె మాట నమ్మాలి. “తప్పు నీది కాదమ్మా” అనాలి. మహిళల హెల్ప్‌లైను 181, ప్రాణాపాయంలో 112 అని చెప్పాలి. 2005 గృహహింస చట్టం ప్రకారం రక్షణాధికారికి ఎవరైనా సమాచారం ఇవ్వవచ్చు. సదుద్దేశంతో ఇచ్చినవారిపై కేసు ఉండదు. కాని విన్నది పక్క కుర్చీవారికి చెప్పరాదు. “ఈ రోజే ఇల్లు వదిలి వచ్చేయ్” అని తొందరపెట్టరాదు. ఇల్లు వదిలే సమయమే మిక్కిలి ప్రమాదకరం కావచ్చు. ఇన్నాళ్లూ ఆమె బదులు మరొకరే నిర్ణయాలు చేశారు. సహాయం చేయవచ్చినవారూ అదే చేస్తే ఆమెకు మిగిలేదేమిటి? ప్రాణాపాయం ముంచుకొచ్చినపుడు తప్ప నిర్ణయం ఆమెదే.

కుటుంబాలకూ ఒక మాట. జ్ఞానవివాహం విడదీయరానిది, నిజమే. కాని భార్యకో, భర్తకో, బిడ్డలకో మానసికంగా గాని, శారీరకంగా గాని తీవ్రమైన ప్రమాదం ఉన్నపుడు వేరుగా నివసించే హక్కును శ్రీసభ చట్టమే (1153) ఇస్తున్నది. స్త్రీలను హింసించడం మగతనం కాదు, పిరికితనమని ఫ్రాన్సిస్ పాపుగారు 2016లో వ్రాశారు. వివాహ బంధం పేరు చెప్పి బిడ్డను తిరిగి దెబ్బలకే పంపడం వివాహ సంస్కారానికి గౌరవం కాదు.

క్షౌరవృత్తి నేర్చిన పునీత మార్టిన్ డి పోరస్ ఆ చేతులతోనే లీమా నగరంలో పేదల గాయాలకు కట్లు కట్టాడు. కేశాలంకరణ చేసేవారికి ఆయనే పాలక పునీతుడు. నవంబరు 3న, ఆయన పండుగనాడు, మన విచారణల్లో ఈ పని చేసే ఆడబిడ్డల కోసం ప్రార్థిద్దాం. పార్లరు కుర్చీలో చెప్పుకోగలిగిన మాటను ఆ తల్లి మన ఇంటిలో, మన గుడిలో ఎందుకు చెప్పుకోలేకపోయిందో కూడా ప్రభువు ఎదుట ఆలోచిద్దాం.