జమ్మి ఆకు బాకీ

దసరా సెలవులు ఇంక నాలుగు రోజులున్నయనంగ మా బడి స్టాఫ్‌రూంల ఒక మాట లేచింది. ప్రతి యేడు పండుగకు టీచర్లమందరం తలా ఇన్ని పైసలేసుకొని బడి ఊడ్చే అవ్వకు, మధ్యాహ్న భోజనం వండే ఇద్దరు అక్కలకు బట్టలు పెడుతం. ఒకరికొకరం చిన్న కానుకలు ఇచ్చుకుంటం. "ఈసారి పట్నం మాల్‌ల కొనొద్దు. మన చుట్టుపక్కల చేతితోటి చేసినయే కొందాం. మన పైసలు మన పనోళ్లకే పోవాలె" అన్నడు మా సీనియర్ సారు. మంచి మాట. ఆయన మంచి మనిషే. అందరూ సరే అన్నరు. అంతల ఆయన నా దిక్కు తిరిగి, "మీ నాయిన చెప్పులు బాగ కుడుతడంట గద సార్. తలా ఒక జత చెప్పరాదు" అన్నడు.

ఒక్క నిమిషం గదిల సప్పుడు లేదు. నేను నవ్విన. జవాబు చెప్పలేదు. ఆ నవ్వుల మింగిన జవాబు ఇది.

మా ఇంట్ల బడిగడప తొక్కి డిగ్రీ దాకా పోయింది నేనే మొదలు. మా నాయినది ఆరె, రంపె, గూటం. ఊర్ల గొడ్డు చస్తే ఈడ్చుకపోవాలె. తోలు తియ్యాలె. సున్నంల నానబెట్టాలె. తంగేడు చెక్క దంచి లందల ఊనబెట్టాలె. ఆ వాసన మా బట్టలకు, పుస్తకాలకు, నా పేరుకు కూడా అంటుకున్నది. అట్ల ఊనిన తోలుతోటి మా నాయిన ఊరందరికి కిర్రు చెప్పులు కుట్టిండు. ఆయన కాళ్లకు మాత్రం చెప్పులు లేవు. ఎప్పుడన్న వేసుకున్నా పటేలు ఇంటి ముందటికి రాంగనే చేతుల పట్టుకొని నడిచిండు. చెప్పులు చేసిన మనిషి చెప్పులు మోసుకపోవుడు లోకంల ఇంకెక్కడన్న ఉన్నదో లేదో నాకు తెలువదు.

దసరాకు పటేలు ఇంటిల్లిపాదికి కొత్త చెప్పులు మా నాయినే ఇయ్యాలె. దానికి ధర లేదు. కల్లం కాడ ఇన్ని గింజలు పోస్తరు. ఎన్ని పోస్తే అన్ని. పండుగనాడు మా అవ్వ పోతే పటేలమ్మ ఒక పాత చీర, ఇంత మిగిలిన అన్నం పెట్టేది. దాన్ని ఇనాం అందురు. ఏడాది పొడుగు చేసిన పని మర్యాదగా ధర్మం అయిపోయింది. కట్టి విడిచిన చీర దయ అయిపోయింది. ఇచ్చిన చెయ్యి ఎవరిది, తీసుకున్న చెయ్యి ఎవరిది? నా చిన్నతనంల ఈ లెక్క తలకిందులుగ నేర్పిండ్రు. పంతులు ఉద్యోగం వచ్చినంక కూడా దాన్ని సరిగ్గ చేసుకోవడానికి నాకు చాన రోజులు పట్టింది.

ఆ సాయంత్రం జమ్మి. తెలంగాణల జమ్మి ఆకంటే బంగారం. చేతుల పెట్టి అలాయ్ బలాయ్ తీసుకుంటరు. పెద్దోళ్లకు కాళ్లు మొక్కుతరు. మా నాయిన పటేలు అరుగు కింద నిలబడి జమ్మి ఆకులు అరుగు మీద పెట్టి దండం పెట్టేది. అటునుంచి ఒక్క ఆకు తిరిగి రాలేదు. నేను ఆయన పక్కన నిలబడి చూసిన. ధర లేని ఆకు కూడా మా చేతికి రాలేదంటే, ధర ఉన్న వస్తువు సంగతి చెప్పేదేమున్నది?

ఇప్పుడు చెప్పుండ్రి. "మన ఊరి పనోళ్ల దగ్గర కొందాం" అనే మాటల "మన" అంటే ఎవరు? పక్కవాని చేతి వస్తువు కొనడమే స్వదేశీ ధర్మం అని గాంధీ చెప్పిండు. వెలివాడకు పక్కవాడెవడు? ఊరికి మేము ఎన్నడూ పక్కవాళ్లం కాలేదు, అవతలివాళ్లమే. మా ఊరి హోటల్‌ల మాకు వేరే గ్లాసు. తాగి మేమే కడిగి బోర్లించాలె. ఆ హోటల్ కూడా స్థానిక వ్యాపారమే. 1991లో చుండూరు ఊచకోతకు ముందు దళితుల మీద సాంఘిక బహిష్కరణ పెట్టింది కూడా స్థానికులే. స్థానికం అన్న మాట వినంగనే అందరికి మట్టి వాసన వస్తే, నాకు కడిగి బోర్లించిన గ్లాసు యాదికొస్తది. పట్నం షోరూంల బిల్లు కౌంటర్ నా కులం అడగలేదు. పైసలు తీసుకొని వస్తువు ఇచ్చింది. మొదటిసారి అట్ల కొనుక్కున్నప్పుడు నాకు కలిగిన సంతోషాన్ని వినిమయ సంస్కృతి అని ఎవరన్న వెక్కిరిస్తే నేనొప్పుకోను. మాకు అది కొంత విడుదల.

మొదటి జీతంల దసరాకు ఆ షోరూంలనే మా నాయినకు చెప్పుల జత కొన్న. ఆయన వాటిని తిరగేసి చూసిండు. అట్టను వేలితోటి నొక్కిండు. "కుట్టు లేదు బిడ్డ, అంత అతుకే" అన్నడు. కొంచెం సేపాగి, "ఎవలు జేసిండ్రో" అన్నడు. వేసుకొని వాడకట్టంత తిరిగిండు. పటేలు ఇంటి ముందటికెల్లి కూడా కాళ్లకు వేసుకొనే పోయిండు. నాకు కడుపు నిండింది. కాని ఆ రాత్రి ఆయన తన ఆరెను నూనె గుడ్డతోటి తుడిచి మూలకు పెడుతుంటే చూసిన. అప్పటికే ప్లాస్టిక్, రబ్బరు చెప్పులొచ్చి ఆయన పని బస్‌స్టాండు కాడ తెగిన పట్టీలు కుట్టేదాకా దిగింది. ఆ చివరి దెబ్బ నేను కూడా వేసిన్నా?

షోరూం విడుదల కూడా పూర్తి విడుదల కాదని తర్వాత తెలిసింది. ఒక దసరాకు బట్టల షోరూంకు పోతే నా దగ్గర పదో తరగతి చదివిన పిల్ల చీరలు మడత పెడుతున్నది. మా వాడకట్టు వంటి వాడకట్టు నుంచే వచ్చిన పిల్ల. "కూసోరాదు బిడ్డ కాసేపు" అంటే "కూసుంటె తిడుతరు సార్. పండుగ దాకా సెలవు గూడ లేదు" అన్నది. అమ్మే మనిషి కూర్చునే హక్కు కోసం కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టం సవరించవలసి వచ్చింది. కూర్చోవడానికి చట్టం కావలసిన దేశం మనది! నా కులం అడగని కౌంటర్ వెనుక నా చెల్లె నిలబడే ఉన్నది.

మరి ఏం చెయ్యాలె? కులవృత్తులను కాపాడుదాం అంటరు. అంబేడ్కర్ 1936లోనే కులనిర్మూలనలో తేల్చి చెప్పిండు, కులం పనిని విభజించడంతో ఆగదు, పనిచేసే మనుషులనే మెట్లు మెట్లుగ విభజిస్తదని. చెప్పులు కుట్టుడు తప్పు కాదు. చెప్పులు కుట్టేటోని కొడుకు చెప్పులే కుట్టాలన్నది తప్పు. నలుగురు సార్లు పండుగకు నాలుగు జతలు కొని మా తమ్ముని చేతుల ఆరె పెడితే అది సాయమా, సంకెలా?

సర్కారు ఇచ్చిన పండుగ కానుక కూడా చూసినం. 2017 నుంచి బతుకమ్మ చీరలు పంచిండ్రు. సిరిసిల్ల మరమగ్గాలకు పని ఇయ్యాలన్నది అందుల ఒక ఉద్దేశం. మొదటి యేడు టైం చాలక కొంత భాగం సూరత్ నుంచి తెప్పించిండ్రు. నాణ్యత లేదని కొన్ని ఊర్ల ఆడోళ్లు కోపానికొచ్చి కాలబెట్టిండ్రు. తర్వాతి యేండ్లల సిరిసిల్లకు కొన్ని నెలల పని దొరికిన మాట నిజం. ఆ కూలి తిన్నోళ్లకు అది చిన్న సంగతి కాదు. 2023 తర్వాత ఆ పథకం ఆగింది, ఆ ఆర్డరు మీద నడిచిన సాంచాలకు పని పోయింది. చీర కట్టేటామెను అడగలేదు, నేసేటాయనను అడగలేదు. పైనున్న చెయ్యి తెరిస్తే వచ్చింది, మూస్తే పోయింది. పండుగ ఒక్క నెల. కడుపు పన్నెండు నెలలు. దయ మీద నడిచే పని, పని కాదు. పటేలు కల్లం కాడ గింజలు పోసినట్టే, ఎన్ని పోస్తే అన్ని.

అట్లని కొనుడే వద్దంటున్ననా? అనడం లేదు. ఎవరి దగ్గర అన్న ప్రశ్నతో ఆగితే చాలదంటున్న. ఎట్ల కొంటున్నం, ఏ వరుసల నిలబడి కొంటున్నం అన్నది అసలు ప్రశ్న.

ఇంటికి పోయి మా నాయిననే అడిగిన. చుట్ట ముట్టించి చాన సేపు మాట్లాడలేదు. తర్వాత అన్నడు: "పాపమని కొంటె నేను అమ్ముకున్నట్టు గాదు కొడుకా, అడుక్కున్నట్టు. ధర నేను జెప్పాలె. నచ్చితే కొనాలె, నచ్చకుంటె లేదు. వచ్చేటోడు మనింటికి రావాలె, గడప లోపటికి రావాలె. నువ్వు మోసుకపోయి ఇచ్చుడు వద్దు. పటేలుకు మోసిన మోత సాలు."

తెల్లారి స్టాఫ్‌రూంల ఆ మాటలే చెప్పిన. జత ఎనిమిది వందలు. బేరం లేదు. తోలు కొనడానికి సగం ముందుగల ఇయ్యాలె. ఇంటికొచ్చి కాలి కొలత ఇయ్యాలె. వండే అక్కలకు, ఊడ్చే అవ్వకు ఈసారి మనం ఎంచిన చీర కాదు, ఏం కావాల్నో వాళ్లనే అడగాలె. "ఎనిమిది వందలా? షోరూంల మూడు వందలకే వస్తయి గద" అన్నరొకరు. చేతివృత్తి గొప్పదే, చేతికి కూలి మాత్రం ఎక్కువ!

తొమ్మిది మందిల ఇద్దరు వచ్చిండ్రు, సీనియర్ సారు, లెక్కల మేడం. సారు మా ఇంటి ముందట కొంచెం తడబడ్డడు. అది నేను చూసిన. నేను చూసినట్టు ఆయన కూడా చూసిండు. చెప్పులు విడిచి లోపటికొచ్చి చాప మీద కూసున్నడు. మా అవ్వ పోసిన చాయ తాగిండు. మా నాయిన ఆయన పాదం కాగితం మీద పెట్టించి చుట్టూ గీత గీసిండు. గ్లాసు కడగపోతుంటే మా అవ్వ గుంజుకున్నది. ఊడ్చే అవ్వనడిగితే చీర వద్దన్నది. నాలుగు నెలల నుంచి ఆగిన జీతం ఇప్పించమన్నది. అందరం కలిసి అర్జీ రాసినం. ఆ పండుగకు మేమిచ్చిన కానుకలల్ల పనికొచ్చేది అదొక్కటే అనిపించింది.

దసరానాడు సారు మళ్ల వచ్చిండు. మా నాయిన అలవాటు కొద్ది వంగి జమ్మి ఆకు ఆయన ముందట కింద పెట్టబోయిండు. సారు ఆ చెయ్యి పట్టుకొని ఆకు తీసుకున్నడు, తన జేబులకెల్లి ఒక ఆకు తీసి మా నాయిన చేతుల పెట్టిండు. దీంతోటి కులం పోయిందని నేను చెప్పను. మిగిలిన ఏడుగురు షోరూంకే పోయిండ్రు. పటేలు అరుగు ఇప్పటికీ అట్లనే ఉన్నది. కాని బాకీ అంటూ ఒకటి ఉన్నదని, అది మా మీద కాదు మాకే రావాల్సి ఉన్నదని మా నాయినకు ఆనాడు తెలిసింది.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, నాకింకొక చిక్కు మిగిలే ఉన్నది. మూడో తరగతి చదివే నా కొడుకు తాత పక్కన కూసొని "నాకు గూడ కుట్టుడు నేర్పు తాతా" అంటున్నడు. మా నాయిన ఆరె చేతుల పట్టుకొని నా మొకం చూస్తున్నడు. నేర్పుమని చెప్పనీకి నోరు రావడం లేదు. వద్దని చెప్పనీకి కూడా వస్తలేదు. మీరైతే ఏమంటరు?