నొప్పి లేని ఎరుపు

ఒంగోలు దగ్గర ఒక ఊళ్లో అన్నదమ్ములిద్దరు పొగాకును మంట వేడితో ఆరబెట్టే బ్యారన్ల దగ్గర పనిచేసేవారు. తమ్ముడు మంట దగ్గర చెమటలు కక్కుతూ కూడా నీళ్లు సరిగా తాగేవాడు కాదు. అన్న నోట్లో చుట్ట ఆరేది కాదు.

ఒక రాత్రి తమ్ముడికి నడుము పక్క నుంచి గజ్జల్లోకి నొప్పి దిగింది. నేల మీద పడి దొర్లాడు. అన్న ఆటో కట్టించి ఆసుపత్రికి తీసుకెళ్లాడు. స్కానింగ్ తీస్తే మూత్రనాళంలో 9 మిల్లీమీటర్ల రాయి ఉంది, పైన కిడ్నీ ఉబ్బింది. డాక్టరు ఎక్కడా కోయలేదు. మూత్రం వచ్చే దారిలోంచే సన్నటి గొట్టం పంపి, అందులోంచి హోల్మియం లేజర్ తీగతో రాయిని పొడి చేశాడు. మూత్రం ఆగకుండా దిగేందుకు మూత్రనాళంలో స్టెంట్ అనే మెత్తటి గొట్టం వేసి, "రెండు వారాలకు వచ్చి తీయించుకో. మరిచిపోయావో, దాని మీదే మళ్లీ రాళ్లు పేరుకుంటాయి" అన్నాడు.

మర్నాడు తమ్ముడు బెదిరిపోయాడు. "అన్నా, మూత్రం ఎర్రగా వస్తోంది!"

"నాకూ అప్పుడప్పుడు వస్తుందిలేరా. వేడి చేసి ఉంటుంది. సబ్జా నీళ్లు తాగితే తగ్గిపోతుంది. నొప్పి లేనప్పుడు భయమెందుకు?"

తమ్ముడు ఆ మాట డాక్టరు చెవిన వేశాడు. డాక్టరు అన్నను పిలిపించాడు. "మీ తమ్ముడికి స్టెంట్ ఉంది, కొన్నాళ్లు అలా రావచ్చు. నీకు ఏ కారణమూ లేకుండా వస్తోంది. నేను భయపడేది నీ గురించే" అన్నాడు.

మూత్రాశయంలోకి కెమెరా గొట్టం పంపి చూసే సిస్టోస్కోపీ చేస్తే, దాని గోడ మీద గడ్డ కనిపించింది. దాన్ని కూడా లేజర్‌తోనే తీశాడు. అయితే రాయిలా పొడి చేయలేదు. కింది కండతో సహా ఒకే ముక్కగా కోసి, పరీక్షకు పంపాడు. జబ్బు ఎంత లోతుకు పోయిందో తెలియాలంటే ఆ ముక్క చెడకూడదు. అదృష్టం, క్యాన్సర్ కండలోకి దిగలేదు.

"చుట్ట పొగలోని విషం రక్తంలో కలిసి, కిడ్నీల గుండా మూత్రంలోకి దిగి మూత్రాశయంలో నిలుస్తుంది. ఈ రోజే మానెయ్. ఇది మళ్లీ మొలిచే జబ్బు. మూడు నెలలకు వచ్చి చూపించుకో" అన్నాడు డాక్టరు.

నీతి: నొప్పి ఎంత ఉందో చూసి జబ్బు ఎంత పెద్దదో లెక్క కట్టకూడదు. రాయి అరిచి చెబుతుంది కాబట్టి ఆసుపత్రికి పరుగెడతాం. గడ్డ చాలామందిలో చడీచప్పుడు లేకుండా పెరుగుతుంది. లేజర్ ఎంత మంచిదైనా దాని దగ్గరికి వెళ్లినవారికే పనికొస్తుంది. మీ ఇంట్లో ఎవరికైనా మూత్రంలో రక్తం ఒక్కసారి కనిపించినా, మర్నాటికి తేటపడినా, యూరాలజిస్టుకు చూపించండి.