సంజీవని తెచ్చిన స్వామి మందు వద్దంటాడా?



మా జగిత్యాల జిల్లాలో కొండగట్టు మీద అంజన్న గుడి ఉంది. దగ్గర్లోనే నాచుపల్లిలో జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. 2007లో కాలేజీ వచ్చినప్పటి నుంచి ఆ రెండింటికీ ఏ గొడవా లేదు. గొడవంతా మన ఇళ్లలోనే!

మాది కోరుట్ల. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నా. సిరిసిల్లలో సాంచాలు నడిపే మా పెద్దనాయన 41 రోజుల హనుమాన్ దీక్ష తీసుకొని, షుగర్ గోలీలు బంద్ చేసిండు. "స్వామి చూసుకుంటడు" అన్నడు. బీటెక్ చదివే ఆయన కొడుకు "ఇదంతా మూఢనమ్మకం" అన్నడు. ఇద్దరికీ మాటలు బందయినయి.

నేను పెద్దనాయనకు చెప్పింది ఒక్కటే. వాల్మీకి రామాయణం యుద్ధకాండలో లక్ష్మణుడు పడిపోతే రాముడు పక్కనే ఉన్నాడు. అయినా మాట చెప్పింది వైద్యం తెలిసిన సుషేణుడు. ఫలానా మూలిక కావాలన్నాడు. హనుమంతుడు వెళ్లాడు, మూలికను గుర్తుపట్టలేకపోయాడు. తెలియనిది తెలిసినట్టు నటించలేదు, ఏదో ఒక ఆకు తేలేదు. శిఖరాన్నే పెకిలించి తెచ్చి, తెలిసినవాడి ముందు పెట్టాడు. సుషేణుడు మందు నూరి ఇస్తేనే లక్ష్మణుడు లేచాడు. అక్కడ భక్తి వైద్యానికి అడ్డు రాలేదు, వైద్యం కోసం పరుగెత్తింది.

ఆ కొండలో ఒక ముక్క ఇక్కడ విరిగిపడిందనీ, అదే కొండగట్టు అనీ మన స్థలపురాణం. ఆ రాయి ఎక్కడ పుట్టిందో చెప్పాల్సింది జియాలజీ. దాన్ని చూసినప్పుడు మనకు ఏం గుర్తు రావాలో చెప్పేది పురాణం. మందు కోసం మోసిన కొండ మీద మొక్కి, మందు మానేస్తే ఎట్లా?

పెద్దనాయన కాసేపు ఆలోచించి, "అయితే గోలీ గూడ స్వామి పంపిందేనారా?" అన్నడు. "తెచ్చే దారి చూపింది స్వామే, పెద్దనాయనా" అన్న. మరునాడు డాక్టర్ దగ్గరికి పోయిండు. తమ్ముడికి ఇంకా నమ్మకం కుదరలేదు. కానీ ఆస్పత్రికి బండి మీద తీసుకుపోయింది వాడే.

దీక్ష తీసుకునేవాళ్లకు ఒక మాట. షుగర్ ఉండి ఒంటిపూట భోజనం చేస్తూ పాత డోసే వేసుకుంటే షుగర్ పడిపోవచ్చు. మందు ఆపేస్తే పెరగొచ్చు. అందుకే మాలకు ముందే డాక్టర్‌ను అడగండి.

నాలా చదువుకున్నవాళ్లకు ఇంకో మాట. షుగర్ ఎంతుందో మీటర్ చెబుతుంది. 41 రోజులు తెల్లవారకముందే లేచి చన్నీళ్ల స్నానం చేసే పట్టుదల ఎక్కడి నుంచి వస్తుందో ఆ మీటర్ చెప్పదు. ఇంట్లో పెద్దల నమ్మకాన్ని చూసి నవ్వితే వాళ్లు మందూ వినరు, మనల్నీ వినరు. వాళ్ల కథలోంచే మాట్లాడి చూడండి.

జై హనుమాన్!