బిడ్డను ఎవరడిగారు?

1921 డిసెంబరులో మోతీలాల్ నెహ్రూను, ఆయన కొడుకు జవహర్‌లాల్‌ను ప్రభుత్వం జైలుకు పంపింది. శిక్షతో పాటు జరిమానాలు కూడా పడ్డాయి. జరిమానా కట్టకూడదన్నది అప్పట్లో కాంగ్రెసు పెట్టుకున్న నియమం. దాంతో పోలీసులు అలహాబాదులోని ఆనంద భవనానికి పదే పదే వచ్చి, బాకీ కింద కుర్చీలూ బల్లలూ తివాచీలూ మోసుకుపోయేవాళ్లు. నాలుగేళ్ల ఇందిర వాళ్ల మీద విరుచుకుపడింది. ఈ సంగతి తండ్రే తన ఆత్మకథలో రాశాడు. పెద్దయ్యాక పోలీసుల మీద ఈ పిల్ల అభిప్రాయం ఎట్లా ఉంటుందో ఏమోనని, సగం వేళాకోళంగా, దిగులు కూడా పడ్డాడు.

కలకడలో సోషల్ పాఠాలు చెప్పి రిటైరైన అయ్యవారికి ఇది ఇష్టమైన కథ. తిరుపతిలో లా చదువుతున్న ఆయన మనవరాలికి మాత్రం ఈ కథంటే మొదటినుంచీ అనుమానం. సెలవులకు వచ్చిన ప్రతిసారీ తాతా మనవరాలూ దేనిమీదో ఒకదాని మీద వాదించుకుంటారు. ఈసారి వాదానికి ఆ తివాచీ దొరికింది.

"ఆ బిడ్డకు సహాయ నిరాకరణ అంటే ఏందో తెలవదు, సర్కారంటే ఏందో తెలవదు," అన్నాడు తాత. "మా ఇంట్లో తివాచీ ఎవురో మోసుకోని పోతా ఉండారు, అంతే దానికి తెలిసింది. అంతకు మించిన నిజం ఏముండాది చెప్పు పాపా? పెద్దోళ్లం సెక్షన్లు చెప్తాం. బిడ్లు ఇంట్లో నుంచి ఏం పోయిందో చెప్తారు."

"బాగుంది తాతా. మరి అదే బిడ్డ 1975లో ఏం చేసింది?"

ఈ ప్రశ్న వస్తుందని అయ్యవారికి తెలుసు. తెలిసినా జవాబు సిద్ధంగా లేదు.

1975 జూన్ 25 రాత్రి, ప్రధాని ఇందిర సలహాతో, ఎమర్జెన్సీ ప్రకటించారు. 1977 మార్చి 21 దాకా అది సాగింది. తర్వాత విచారించిన షా కమిషన్ తేల్చిన లెక్క ప్రకారం ఆ కాలంలో మీసా (అంతర్గత భద్రతా చట్టం) కింద 34,988 మందిని, భారత రక్షణ నిబంధనల కింద 75,818 మందిని పట్టుకెళ్లారు. మొత్తం లక్షా పది వేలు దాటింది. వాళ్లలో ఎందరి ఇళ్లలో నాలుగేళ్ల పిల్లలున్నారో ఏ కమిషనూ లెక్కపెట్టలేదు. ఆ పిల్లల తల్లిదండ్రులను లోపల వేయించిన ప్రధానికి చిన్నప్పుడు తండ్రి రాసిన జైలు ఉత్తరాలు అప్పటికే లోకప్రసిద్ధం. 1930లో, పదమూడో పుట్టినరోజుకు, నైని జైలు నుంచి మొదలుపెట్టి 1933 దాకా 196 ఉత్తరాలు రాశాడు. ప్రపంచ చరిత్రలో చాలా భాగం ఆమెకు కటకటాల వెనక నుంచే అందింది.

"అంటే బిడ్డ కన్ను అబద్ధం చూసిందా?" అని ఎదురడిగాడు తాత.

"నిజమే చూసింది. ఆ నిజం 'మా ఇల్లు' దగ్గర ఆగిపోయింది. మా తివాచీ పోయింది, మా నాయనను తీసకపోయినారు అనే బాధ ఒకర్ని గాంధీని చేస్తాదేమో, ఇంకొకర్ని మీసా మీద సంతకం పెట్టే మనిషిని చేస్తాది. బాధ మాత్రం ఒకటే. నువ్వు దాన్నే న్యాయం అంటా ఉండావు."

"నేను న్యాయం అనలేదు పాపా. సాక్ష్యం అన్నాను. సాక్షి మంచోడే కావాల్నని మీ లాలో ఉండాదా?"

మనవరాలు నవ్వింది. ఈ పాయింటు తాతదే.

కలకడ వాళ్లకు హైదరాబాదు కంటే బెంగుళూరు దగ్గర. ఎమర్జెన్సీ రోజుల్లో బెంగుళూరు సెంట్రల్ జైలు దేశంలోని పేరున్న జైళ్లలో ఒకటైంది. పార్లమెంటరీ కమిటీ పని మీద ఆ ఊరికి వచ్చిన వాజ్‌పేయి, అద్వానీ, మధు దండవతే అక్కడే దొరికిపోయారు. మరుసటేడు 1976 మే నెలలో నటి స్నేహలతా రెడ్డిని తెచ్చి అదే జైల్లో పెట్టారు. ఆమె భర్త నెల్లూరి పఠాభి. 1939లో 'ఫిడేలు రాగాల డజన్' అచ్చేసి తెలుగు ఛందస్సును అల్లరి పట్టించిన పఠాభి, 1970లో కన్నడంలో 'సంస్కార' తీశాడు. అందులో చంద్రి వేషం స్నేహలతదే. సోషలిస్టు నాయకుడు జార్జి ఫెర్నాండెజ్‌తో స్నేహం ఉన్నందుకు బరోడా డైనమైట్ కేసు పేరు చెప్పి ఆమెను పట్టుకెళ్లారు. చివరికి వేసిన చార్జిషీటులో ఆమె పేరే లేదు. విడవలేదు సరికదా, మీసా కింద అట్లాగే ఉంచేశారు. ఆమెకు తీవ్రమైన ఉబ్బసం. రాత్రి నిశ్శబ్దంలో ఆమె గదిలోంచి కేకలు వినపడేవని దండవతే తర్వాత రాశాడు. 1977 జనవరి 15న పెరోల్ మీద వదిలారు. అయిదు రోజులకు, జనవరి 20న, చనిపోయింది. ఇంట్లో ఒక కూతురు, ఒక కొడుకు.

"ఆ పిల్లోళ్లు అప్పటికే ఎదిగినోళ్లు," అన్నాడు తాత. "వాళ్లకు కారణం తెలుసు. అర్థం చేసుకుంటారు."

"కారణం తెలిస్తే బాధ తగ్గతాదా?"

"తగ్గదు. కానీ తప్పు నాదేమో అనుకోరు. చిన్న బిడ్లు అట్లనే అనుకుంటారు. నేను అల్లరి చేసినందుకే నాయన ఎళ్లిపొయినాడు అనుకుంటారు. బడిలో చూసినాను కదా, ఏ ఇంట్లో ఏ గొడవ జరిగినా ముందు బిడ్డే తలకాయ దించుకుంటాది."

ఇక్కడ మనవరాలు మాట తిప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో ఎమర్జెన్సీ ఎవరికీ తగలనట్టే పెద్దవాళ్లు మాట్లాడతారని దెప్పింది. తగలలేదనడానికి ఓట్లు సాక్ష్యం: 1977లో ఉత్తరాదిలో కాంగ్రెసు తుడిచిపెట్టుకుపోతే ఇక్కడ 42 సీట్లకు 41 గెలిచింది. మిగిలిన ఒక్కటీ, నంద్యాల, నీలం సంజీవరెడ్డికి వచ్చింది. కానీ విప్లవ రైతులు భూమయ్యను, కిష్టాగౌడ్‌ను 1975 డిసెంబరు 1న హైదరాబాదు ముషీరాబాదు జైల్లో ఉరి తీసింది ఈ రాష్ట్రంలోనే. కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి అజ్ఞాతంలోనే ఉంటూ 1976 జూలైలో కన్నుమూసిందీ ఆ కాలంలోనే. ఓట్ల లెక్కలో కనపడని ఇళ్లు ఉంటాయి.

"మన ఇంట్లో ఏం జరిగింది తాతా అప్పుడు?"

"ఏమీ జరగలేదు. రాత్రిపూట బీబీసీ పెట్టుకోని వింటా ఉంటిమి. సౌండు బాగా తగ్గించి. మీ అమ్మకు అయిదారేండ్లు. 'రేడియోకు గొంతు బాగలేదా నాయనా' అనింది. బయట చెప్పొద్దు అన్నాను."

"ఎందుకు చెప్పొద్దో చెప్పినావా?"

"లేదు."

"అదే తాతా నేను చెప్పేది! పత్రికలకు ఇందిరమ్మ సెన్సారు పెట్టింది. మా అమ్మకు నువ్వు పెట్టినావు."

అయ్యవారు కాసేపు ఊరుకున్నాడు. కానీ ఆ మాటను తోసెయ్యలేదు. నిర్బంధం ఇంటి గడప దాటి లోపలికి వచ్చేది ఎక్కువగా ఇట్లాగే. పోలీసు ప్రతి ఇంటికీ రానక్కర్లేదు. పిల్లకు ఏది చెప్పాలో, ఏది దాచాలో, ఎవరి ముందు ఏ పేరు ఎత్తకూడదో తల్లిదండ్రులే నేర్పిస్తారు. ప్రేమతోనే నేర్పిస్తారు. నాయన ఏడని అడిగితే ఊరికి పోయినాడని చెప్పమంటారు. ఆ పిల్లకు ఒకేసారి రెండు ప్రభుత్వాలు: బయట ఒకటి, ఇంట్లో ఒకటి. రెండూ నోరు మూసుకోమనే చెప్తాయి. తేడా ఉంది, నిజమే. రెండోది అన్నం పెడుతుంది, జ్వరం వస్తే రాత్రంతా కూర్చుంటుంది. ఆ తేడా చాలా పెద్దది. అయినా నోరు మూతపడటం మాత్రం పిల్లకు ఒకేలా తెలుస్తుంది.

"బిడ్డను కాపాడుకోవడానికే కదా," అన్నాడు తాత చివరికి.

"సర్కారు కూడా అదే చెప్తాది. దేశాన్ని కాపాడుకోవడానికే అని."

"ఇది అన్యాయమైన పోలిక పాపా."

అన్యాయమైనదే. మనవరాలు ఒప్పుకుంది, కానీ వెనక్కి తీసుకోలేదు.

తర్వాత మాట 2018కి వచ్చింది. ఆగస్టు 28న భీమా కోరేగావ్ కేసులో పుణె పోలీసులు హైదరాబాదులో విప్లవ కవి వరవరరావు ఇంటితో పాటు ఆయన అల్లుడు, ఇఫ్లూ ప్రొఫెసర్ కె. సత్యనారాయణ ఇల్లు కూడా సోదా చేశారు. ఇన్ని పుస్తకాలు ఎందుకు, గోడ మీద దేవుళ్లు లేకుండా ఫూలే అంబేడ్కర్ పటాలు ఎందుకు, ఇల్లాలి ఒంటిమీద నగలూ నుదుట బొట్టూ లేవేం అని పోలీసులు అడిగారని ఆ కుటుంబం బయటికి చెప్పింది.

"విన్నావా తాతా? పోలీసోళ్లు కూడా బిడ్డ మాదిరే ఇల్లు చూస్తారు. పటాలు, పుస్తకాలు, గాజులు, బొట్టు. నువ్వు పొగిడే బిడ్డ చూపూ అంతే కదా, చిన్న చిన్నవి చూడటం."

"అదే చూపు ఎట్లవతాది? బిడ్డకు ఆ పటం వాళ్ల ఇంట్లో పటం. పోలీసుకు నేరం. ఒకే గోడను ఇద్దురూ చూస్తా ఉండారు. ఒకరికి అది ఇల్లు, ఇంకొకరికి కేసు."

"అయితే చూపు కాదు, ఎవురు చూస్తా ఉండారనేదే ముఖ్యం. నేను ముందు నుంచి అదే మొత్తుకుంటా ఉండాను."

వరవరరావు విషయంలో ఇద్దరికీ మరో చిక్కు ఎదురైంది. 1973లో మీసా కింద తొలిసారి జైలుకు వెళ్లినప్పటి నుంచీ, 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆరోగ్య కారణాలతో బెయిలిచ్చేదాకా, ఆయన ముగ్గురు కూతుళ్ల జీవితం ములాఖత్‌ల చుట్టూనే గడిచింది. 2020 జూలైలో తలోజా జైలు నుంచి వచ్చిన ఫోనులో ఆయన మాట తడబడి, ఎప్పుడో జరిగిపోయిన తల్లిదండ్రుల అంత్యక్రియల గురించి మాట్లాడుతుంటే, భార్యా కూతుళ్లూ పత్రికల ముందుకు వచ్చి ఆయన ఆరోగ్యం సంగతి చెప్పమని ప్రభుత్వాన్ని అడిగారు. ఆ తర్వాత కోవిడ్ అని తేలింది.

"ఇందులో బిడ్లను ఎవురడిగినారు?" అంది మనవరాలు. "సర్కారు అడగదు, సరే. తండ్రి అడిగినాడా, మీకీ బతుకు సమ్మతమేనా అని?"

"ఏ తండ్రి అడుగుతాడు? మిలిటరీకి పొయ్యేవోడు అడుగుతాడా? గల్ఫ్‌కు పొయ్యేవోడు? మన రాయచోటోళ్లు ఎంతమంది కువైట్‌లో ఉండారు, బిడ్లను అడిగే పొయినారా?"

"అడగలేదని అందరూ కలిసి చెప్తే అది సరైపోతాదా?"

దీనికి దగ్గరి ఉదాహరణ మదనపల్లెలోనే ఉంది. మదనపల్లె అనగానే అందరూ టమోటా మార్కెట్టు, లేదంటే టాగోరు జనగణమన అంటారు. జిడ్డు కృష్ణమూర్తి కేసును ఎవరూ ఎత్తరు. జిడ్డు నారాయణయ్య రెవెన్యూ శాఖలో రిటైరై 1909లో కొడుకులతో మద్రాసు అడయారుకు చేరాడు. 1910లో కృష్ణమూర్తి, నిత్యానంద సంరక్షణను అక్కడి దివ్యజ్ఞాన సమాజం అధ్యక్షురాలు అనిబిసెంటుకు రాసిచ్చాడు. మనసు మారి 1912లో పిల్లలను తిరిగి ఇవ్వమని దావా వేశాడు. మద్రాసు హైకోర్టులో తండ్రి గెలిచాడు. 1914లో లండన్ ప్రీవీ కౌన్సిల్ ఆ తీర్పు కొట్టేసింది. దానికి చెప్పిన కారణాల్లో ఒకటి: ఈ కేసులో అబ్బాయిల ఇష్టం ఏమిటో ఎవరూ తెలుసుకోలేదు. అప్పటికి పెద్దవాడికి దాదాపు పందొమ్మిదేళ్లు.

"చూసినావా," అంది మనవరాలు. "తండ్రి అడగలేదు, బిసెంటమ్మ అడగలేదు, మద్రాసు జడ్జి అడగలేదు. అడగలేదని గుర్తుపట్టింది పరాయి రాజ్యం కోర్టు."

"ఆ పరాయి రాజ్యమే మూడేండ్లకు, 1917లో, బిసెంటమ్మనే ఊటీలో నిర్బంధంలో పెట్టింది. దానికి అంత దయ ఉందని నమ్మమాక."

"దయ అనలేదు తాతా. పద్ధతి అన్నాను."

అయ్యవారి దగ్గర ఇంకో అస్త్రం ఉంది. అర్జెంటీనా. 1976 నుంచి 1983 దాకా అక్కడి సైనిక ప్రభుత్వం వేలమందిని మాయం చేసింది. జైల్లో పుట్టిన బిడ్డలను, తల్లులతో పాటు ఎత్తుకొచ్చిన బిడ్డలను సైనికాధికారుల ఇళ్లకూ, వాళ్లకు కావలసిన వాళ్లకూ పంచిపెట్టారు. అట్లాంటి పిల్లలు దాదాపు 500 మంది ఉంటారని అంచనా. వాళ్ల అవ్వలు 1977లో సంఘం కట్టి, తర్వాత రక్తపరీక్షల సాయంతో ఇప్పటిదాకా 130 మందికి పైగా మనవళ్లనూ మనవరాళ్లనూ గుర్తుపట్టారు. దొరికినవాళ్లలో కొందరు తమను పెంచినవాళ్లను ప్రేమించారు. పరీక్షకు రక్తం ఇవ్వనన్నవాళ్లూ ఉన్నారు.

"ఇది నీ వాదానికే దెబ్బ కదా తాతా! ఆ బిడ్డ కన్నుకు కనపడింది మంచి ఇల్లు, మంచి నాయన."

"అవును. అందుకే చెప్తా ఉండాను. నేను పొద్దున అన్న మాట సగమే. బిడ్డ చూసింది నిజమే, కానీ దాని ముందర ఏం పెట్టినామో అదే చూస్తాది. ఏది దాచిపెట్టినామో అది ఎట్ల చూస్తాది? ఆ అవ్వలు ఏం చేసినారంటే, దాచిపెట్టింది తెచ్చి ముందర పెట్టినారు. చూసేది చూడంది మనవడి ఇష్టానికి వదిలేసినారు."

"ఇష్టానికి వదిల్లేదు తాతా. ఇవ్వనన్నోళ్ల బట్టలు, దువ్వెనలు కోర్టు ద్వారా తెప్పించి పరీక్ష చేసినారు. అక్కడ కూడా బిడ్డ వద్దంటే విన్లేదు."

ఇది తాతకు తెలియదు. లా చదివే పిల్లతో పెట్టుకుంటే ఇదే కష్టం.

పిల్లల హక్కుల మీద ఐక్యరాజ్యసమితి ఒడంబడిక 1989లో వచ్చింది. 1992 డిసెంబరులో భారతదేశం అందులో చేరింది. పన్నెండో అధికరణం పిల్లల మాట వినాలంటుంది. అందరూ దాన్నే చెప్తారు. మనవరాలికి తొమ్మిదో అధికరణంలోని నాలుగో క్లాజు ముఖ్యం. తల్లినో తండ్రినో రాజ్యమే నిర్బంధించి, దేశం దాటించి, బిడ్డకు దూరం చేస్తే, వాళ్లెక్కడున్నారో బిడ్డకు చెప్పాలి. కాకపోతే ఎవరో ఒకరు అడిగితేనే.

"అడిగితే అని రాసినారా?" అన్నాడు అయ్యవారు.

"అవును. తల్లిదండ్రులు గానీ, బిడ్డ గానీ, ఇంట్లో ఇంకెవరైనా గానీ అడగాల."

"నాయన ఊరికి పొయినాడని చెప్పిపెట్టిన బిడ్డ ఏం అడగతాది? ఊరి నుంచి ఎప్పుడొస్తాడని అడగతాది. ఆ ప్రశ్న మీ కలెక్టరాఫీసులో ఏ కౌంటర్లో తీసుకుంటారు?"

"తీసుకోరు. అందుకని ముందు ఇంట్లో నిజం చెప్పాల."

"నాలుగేండ్ల బిడ్డకా?"

"నాలుగేండ్ల బిడ్డ పోలీసోళ్లతో కొట్లాడిందని నువ్వే కదా చెప్పింది."

"కొట్లాడింది తివాచీ కోసరం పాపా. తండ్రి కోసరం కాదు. తండ్రి ఎందుకు పొయినాడో దానికి ఏ ముక్కలో చెప్పినారో నెహ్రూ రాయలేదు. రాసుంటే నీకు నేను జవాబు చెప్పుండేవోణ్ణి."