వల కన్ను

ధ్యానమునకు: హబక్కూకు 1:13-17, లూకా 5:1-11



మన విశాఖపట్టణపు తీరమున జాలరులు చేపలు పట్టబోవుటను “వేట” అందురు. అడవిలో విల్లు పట్టినవాని పనికిని, కడలిలో వల వేసినవాని పనికిని మన భాషలో ఒకటే మాట. పరిశుద్ధ గ్రంథములోను ఈ రెండు వేటలున్నవి. ఏశావు విల్లును అంబులపొదియు తీసికొని, తండ్రికి ఇష్టమైన మాంసమునకై అడవికి పోయెను. పేతురు అంద్రెయలు గలిలయ సరస్సులో వల వేసిరి. మొదటి వేట మన యొద్ద ముగిసినట్టే. వన్యప్రాణి సంరక్షణ చట్టము (1972) క్రింద జింకను గాని దుప్పిని గాని కొట్టుట నేడు నేరము. ఊరి అంచుననున్న కంబాలకొండలోని దుప్పులకు ఆ చట్టమే కాపుదల. రెండవ వేట దినదినము మన కన్నులయెదుట జరుగుచున్నది గనుక దానిని గూర్చి యోచింతము.

ఒకనాటి ఉదయము మేము పెద్ద జాలారిపేట ఇసుకమీద కూర్చుంటిమి. పురుషులు వలను కాలి బొటనవ్రేలికి తగిలించి లాగిపట్టుకొని, చినిగినచోట్ల బాగుచేసికొనుచుండిరి. చేతులు పనిలో నుండగా నోళ్లు ఊరకుండవు గదా! కవ్వలకు ఏ వల, కానాగంతలకు ఏ వల, కోనెమునకు ఎంత కన్ను, సూరచేపకు ఏ గాలము, ఏ గాలికి ఎంత లోతున వేయవలెను అను మాటలే. తీరమునుండి రెండు కొండల కొనలను ఒక వరుసకు తెచ్చి చూచి సముద్రములో చోటు గుర్తుపెట్టుకొను విద్యను పెద్దలు పిల్లలకు చెప్పుచుండిరి. ఇప్పుడు చేతిలో యంత్రముండి దారి చూపుచున్నను, ఆ మాట మానలేదు. (మంచి చేప దొరికిన చోటు మాత్రము ఎవరును పూర్తిగా చెప్పరని మాకు తోచినది. అది మన సేవకుల కూటములలోను కద్దు.)

వలలన్నిటిలో ఏది మంచిదని మేము తెలియక అడిగితిమి. ఒక ముసలివాడు నవ్వి, వల కన్నులో రెండు వ్రేళ్లు దూర్చి చూపి, “పడింది అందరూ సూస్తారు అయ్యగారూ, ఎల్లిపోయింది ఎంతో అది సూసుకోవాల” అనెను.

ఆ మాటకు అర్థము తరువాత విచారించి తెలిసికొంటిమి. పైన బెండ్లు, క్రింద గుండ్లు కట్టి నీటిలో గోడవలె నిలిపెడు వలలో చేప తల దూర్చును. వెనుకకు పోబోగా మొప్పలయొద్ద చిక్కుకొనును. కన్నుకంటె చిన్నది దాటిపోవును, మరి పెద్దది దూరనే దూరదు. కావున కన్ను ఎన్నుకొన్ననాడే, ఎవరిని పట్టుదుము, ఎవరిని విడుతుము అను నిర్ణయము జరిగిపోయినది. రింగువల అట్టిది కాదు. అది మందను చుట్టుముట్టును. అడుగుననున్న ఉంగరములగుండ త్రాడు లాగగానే సంచి మూతివలె అడుగు మూసికొనును. కన్ను సన్నదైతే పిల్లయు తల్లియు ఒక్కటిగా పైకి వచ్చును.

ఈ వల విషయమై 2022 జనవరిలో మన తీరమున జరిగినది మీరెరుగుదురు. పెద్ద జాలారిపేట, వాసవానిపాలెముల మధ్య కలహము పుట్టి పడవలు కాలినవి. ఇసుకమీద పోలీసులు కావలి నిలువవలసి వచ్చినది. ఒకే సముద్రముమీద బ్రదుకు ఇరుగుపొరుగులు! తీరమునుండి 8 కిలోమీటర్ల వరకు నీటిని సాంప్రదాయపు పడవలకు విడిచిన చట్టము 1994 నుండి యున్నది. అయినను మేము ఒక పక్షమున నిలిచి తీర్పు చెప్పబోము. రింగువల కొన్నవాడును పిల్లలను పోషించుకొనవలసినవాడే. ఆ వల ఒకనికి సాధ్యము కాదు, పలువురు కూడి పెట్టుబడి పెట్టవలెను, అప్పు తీర్చవలెను. అప్పున్నవాని కంటికి వల కన్ను పెద్దదిగానే కనబడును.

హబక్కూకు ప్రవక్త ఒక వింత వేటగానిని చూపుచున్నాడు. వాడు గాలముతోను వలతోను మనుష్యులనే చేపలవలె లాగికొని, కడుపు నిండగానే ఆ వలకు బలి అర్పించి ధూపము వేయును. మనము పనిముట్టుకు సాంబ్రాణి వేయము, నిజమే. కాని పడవలు కాలిననాడు ఆ ఇసుకమీద లేచిన పొగ ఎవరికి ధూపమై లేచినది? వలకే గదా! ప్రవక్త దేవుని అడిగిన ప్రశ్న కూడ గమనించుడి: వీడు మానక వల గుమ్మరించుచునే యుండునా అని. ఆ ప్రశ్నకు మన ఊరిలో చేపపిల్లలును సాక్షులే.

లూకా వ్రాసిన సంగతి వేరు. వలలు పిగిలిపోవుచుండగా పేతురు రెండవ దోనెలోని పాలివారికి సైగచేసెను; రెండు దోనెలును నిండెను. ఈ సువార్త తెలుగులోనికి వచ్చుటకు మన పట్టణమే ఇల్లు. 1805లో ఇచ్చటికి వచ్చిన లండన్ మిషను సేవకులలో అగస్టస్ డే గ్రాంజెస్ గారు, ఆనందరాయరు గారి సహాయముతో అనువాదమునకు పూనుకొనిరి. 1812లో మొదటి మూడు సువార్తలు శ్రీరాంపురములో అచ్చుపడినవి. పాలివానిని పిలిచిన ఆ జాలరి కథ ఈ సముద్రపు హోరు వినబడుచోటనే మన మాటలలోనికి మారినది. వినవలసినవారము మొదట మనమే.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో పక్షి గూటిని గూర్చిన చిన్న ఆజ్ఞ యున్నది: పిల్లలను తీసికొనవచ్చును గాని తల్లిని విడిచిపెట్టవలెను. తూర్పు తీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు మరపడవల వేట నిలుపుటయు, చేపలు గ్రుడ్లుపెట్టు కాలమున తల్లిని విడుచుటకే. ఆ రెండు నెలలు జాలరి ఇంట పొయ్యి ఎట్లు వెలుగునో మనలో ఎందరు విచారించితిమి? సర్కారు సాయము ఇచ్చుచున్నది; సంఘము ఇచ్చినదేమి?

ఇక మా తప్పు ఒకటి చెప్పవలెను. ఆ ఉదయము లేచి వచ్చుచు, దారిలో ఒక గంపయొద్ద జానెడైనను లేని కోనెము పిల్లలను చౌకగా కొంటిమి. సంచి పట్టుకొని ఇసుకమీదుగా తిరిగి పోవుచుండగా ఆ ముసలివాడు పిలిచి, “ఏటి కొన్నారు అయ్యగారూ?” అని అడిగెను. సంచి విప్పి చూపితిమి. అతడు ఒక పిల్లను తీసి, తాను బాగుచేయుచున్న వల కన్నులోగుండ దూర్చి, ఆవలి వైపున పట్టుకొని, మాటలాడక మా సంచిలో తిరిగి వేసెను.